కొరకడం రాని పిల్ల

మా మనవరాలు షారోన్ అల్మారా సర్దుతూ ఒక అట్టపెట్టె నా ఒళ్ళో పెట్టి, "ఇది చూడు అమ్మమ్మా, నీకు నవ్వొస్తుంది" అంది. అందులో తెల్లటి ప్లాస్టర్‌తో పోసిన పళ్ళ అచ్చు ఉంది. పైదవడ ఒక ముక్క, కిందిదవడ ఒక ముక్క. షారోన్‌కి కాకినాడలో దవడ ఆపరేషన్ జరిగి ఏడాది కావస్తోంది. అంతకు ముందెప్పుడో, పళ్ళకి తీగలు బిగించకముందు, డాక్టరమ్మ తీయించిన అచ్చు అది. రెండు ముక్కలూ కలిపి పట్టుకుని చూశాను. వెనక దవడపళ్ళు ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ముందుపళ్ళు మాత్రం కలవలేదు. పై వరసకీ కింది వరసకీ మధ్య నా చిటికెనవేలు దూరిపోయేంత సందు. నాకు నవ్వు రాలేదు. అచ్చు మీద రాసి ఉన్నది షారోన్ పేరే గానీ ఆ నోరు నాది. అరవై ఎనిమిదేళ్ళుగా అద్దంలో చూసుకుంటున్న నోరు.

నేను తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైనదాన్ని. ఏ మాట విన్నా దానికి మన భాషలో ఏమంటారా అని వెతుక్కోవడం నాకో జబ్బు. డాక్టరమ్మ మొదటిసారి "ఓపెన్ బైట్ అండి" అన్నప్పుడు కూడా అదే పని చేశాను. బైట్ అంటే కాటు. పాము కాటు ఉంది, కుక్క కాటు ఉంది, మనిషికి మాత్రం మనవాళ్ళు కాటు పెట్టలేదు. మనిషి కొరుకుతాడు. కొరకాలంటే పైవరసా కిందివరసా ఒకచోట కలవాలి. నాకు కలవలేదు కాబట్టి నేను పుట్టి బుద్ధెరిగాక దేన్నీ కొరికి ఎరగను. నమలగలను, చప్పరించగలను, మింగగలను. పళ్ళున్నప్పుడు పప్పుల్లేవు, పప్పులున్నప్పుడు పళ్ళు లేవని సామెత చెబుతారు గానీ, పళ్ళూ పప్పులూ రెండూ ఉండి ఉపయోగం లేని నాలాంటిదాని గురించి ఏ సామెతా చెప్పలేదు. జామకాయ, చెరకుగడ, మొక్కజొన్న పొత్తు, అన్నీ నాకు కొరకరాని కొయ్యలే.

మాది మొగల్తూరు. నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఆదివారం గుడిలో పాటలు ఎత్తుకునేది కూడా ఆయనే. బడి వెనకే పెంకుటిల్లు. తెల్లవారి లేచేసరికి వంటింట్లో ఊకపొయ్యి మీద నీళ్ళు కాగుతుండేవి. ఆ ఊక పొగా, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలీ, దండెం మీద వేలాడదీసిన ఎండుచేపల వాసనా కలిసి ఒక వాసన ఉండేది. నాన్నని కన్న మామ్మ అప్పటికే లేచి, ముసుగు సర్దుకుని, గోడకి జారబడి ప్రార్థన చేసుకునేది. ఆమె ప్రార్థన పైకి వినపడేది. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి, వాళ్ళకేం కావాలో దేవుడికి వివరంగా ఒప్పజెప్పేది. నా వంతు వచ్చేసరికి, "తండ్రీ, దీని పళ్ళు కలుపు" అనేది. ఇంకేమీ అడిగేది కాదు. చదువు, ఆరోగ్యం, ఆయుష్షు మా అన్నయ్యకి అడిగేది. నాకు పళ్ళు చాలు.

ప్రార్థన కాగానే కత్తిపీట ముందు కూర్చునేది. ఇంట్లో నా తిండంతా ఆ కత్తిపీట మీంచే రావాలి. మామిడికాయైనా, జామకాయైనా, చివరికి రొట్టె అయినా నాకు ముక్కలు చేసి ఇవ్వాల్సిందే. అందుకే నాకు ఇంట్లో 'ముక్కలమ్మ' అని పేరు. మునక్కాడల పులుసు వండిన రోజున అందరూ కాడని పళ్ళ మధ్య పెట్టి సర్రున లాగి గుజ్జు తినేవారు. నాకు అది చేతకాదు. మామ్మ కాడ చీల్చి చెంచాతో గుజ్జు గీసి నా కంచంలో పెట్టేది. పెడుతూ ఊరుకునేది కాదు. "వేలు చీక్కో, ఇంకా చీక్కో. ముందుపళ్ళ మధ్య వేలు పెట్టుకుని పెరిగావు, ఆ వేలంత సందు అక్కడే ఉండిపోయింది" అనేది. నేను అయిదో ఏట దాకా బొటనవేలు చీకానట. దానికి వేపాకు రసం రాశారు, కాకరకాయ రసం రాశారు, గుడ్డ చుట్టారు. వేలు మానేశాను గానీ సందు మూసుకోలేదు. చేసుకున్న పాపానికి శిక్ష అని నేను గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే పెరిగాను, పెళ్ళి చేసుకున్నాను, ముసలిదాన్నయ్యాను.

ఇంట్లో కత్తిపీట ఉంది, సరే. బడిలో ఏముంది? అక్కడ నాకు సత్తి ఉండేది. సత్తెమ్మ పూర్తి పేరు. వాళ్ళ నాన్న వేటకి వెళ్ళేవాడు, వాళ్ళమ్మ చేపలు అమ్మేది. దాని పళ్ళు చూస్తే నాకు కడుపు మండేది. తెల్లగా అని కాదు, గట్టిగా. కొబ్బరిబొండాం పీచు పళ్ళతో పట్టి లాగేసేది. వాళ్ళ నాన్న చిరిగిన వల కుడుతుంటే పక్కన కూర్చుని, ముడి పడగానే వంగి దారాన్ని టక్కున కొరికి తెంపేది. కత్తి పక్కనే ఉన్నా ఆయన దాని వైపే చూసేవాడు. "మా సత్తి పళ్ళుండగా కత్తెందుకండీ" అని మా నాన్నతో గొప్పగా చెప్పేవాడు.

కాకెంగిలి అంటే ఈ తరం పిల్లలకి తెలుసో లేదో. తినేది ఒకటే ఉండి తినేవాళ్ళు ఇద్దరు ఉంటే, దాని మీద గౌను అంచో చొక్కా కొసో కప్పి, బట్ట పైనుంచి ముందుపళ్ళతో కొరికి ముక్క చేసేవాళ్ళం. నోరు తగల్లేదు కాబట్టి అది ఎంగిలి కాదు. కాకెంగిలి. బళ్ళో దానికి పెద్ద విలువ. ఎవరికి ఎవరు కాకెంగిలి పెడతారన్న దాన్ని బట్టే స్నేహాలు తెలిసేవి. సత్తి నాకు పెట్టేది. రోజూ పెట్టేది. జామకాయ, రేగిపళ్ళ వడియం, నిమ్మతొన బిళ్ళ, ఏది దొరికినా దాని పరికిణీ అంచు కప్పడం, టక్కుమనడం, ముక్క నా చేతిలో పడడం. నేను దానికి ఒక్కసారి కూడా పెట్టలేదు. పెట్టలేను. ఎప్పుడూ చెయ్యి చాపే పిల్లనే గానీ, ఇచ్చే పిల్లని కాను. ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు.

అయిదో తరగతి మధ్యలో సత్తి బడి మానేస్తుందని తెలిసింది. వాళ్ళమ్మకి నడుం పట్టేసింది, నరసాపురం దాకా చేపల గంప మొయ్యడానికి మనిషి కావాలి. నాన్న వాళ్ళింటికి వెళ్ళి చెప్పి చూశాడు. "ఆయ్, మీరు చెప్పింది నిజమేనండి మాస్టారూ. కానీ మా ఇంటిది లేవలేకపోతందండి" అన్నాడు వాళ్ళ నాన్న, అంతే. దాని ఆఖరి రోజున మామ్మ నా చేతిలో వేరుశనగపప్పు మీద బెల్లం పాకం పోసి చేసిన పప్పుచెక్క ఒకటి పెట్టింది. ఈసారి నేనే కాకెంగిలి పెట్టాలని ముందురోజు నుంచే అనుకుంటున్నాను.

మధ్యాహ్నం గంట కొట్టాక బడి అరుగు మీద కూర్చున్నాం. చుట్టూ పిల్లలు మూగారు. పప్పుచెక్క మీద గౌను అంచు కప్పాను. ముందుపళ్ళ మధ్య పెట్టి గట్టిగా నొక్కాను. ఏముంది నొక్కడానికి? పైపళ్ళు బట్టకి ఆనాయి, కిందిపళ్ళు ఆనలేదు. దవడలు నొప్పెట్టాయి గానీ చెక్క మీద గీత కూడా పడలేదు. ఎవరో రాయి తెచ్చిచ్చారు. నాకు కోపం వచ్చి విసిరికొట్టాను. రాయితో పగలగొడితే పంచిపెట్టినట్టు, కాకెంగిలి పెట్టినట్టు కాదు. చెక్కని పక్కకి తోసి దవడపళ్ళ మధ్య పెట్టాను. బట్టతో సహా నోరంతా నిండిపోయింది. ఊపిరాడలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చొంగ కారింది. చివరికి పటుక్కున విరిగింది. తీసి చూస్తే గౌను అంచు నానిపోయి, బెల్లం కరిగి బట్టకి అంటుకుని, ముక్క తడితడిగా ఉంది.

పిల్లలు నవ్వారు. మా క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉండే ఒక పిల్ల తీర్పు చెప్పేసింది. "అయిబాబోయ్, ఇది కాకెంగిలి కాదే. దవడపళ్ళతో కొరికితే కుక్కెంగిలి!" అంది. ఆ మాట మిగతావాళ్ళు పట్టుకున్నారు. కుక్కెంగిలి, కుక్కెంగిలి అని గంతులు. నేను ముక్క దాచేసుకోబోయాను. సత్తి నా చెయ్యి పట్టుకుని గుప్పిట విప్పి ఆ ముక్క తీసుకుంది. బట్టపోగు ఒకటి అంటుకుని ఉంటే గోటితో తీసి, నోట్లో వేసుకుంది. అందరి వైపూ చూస్తూ నిదానంగా నమిలింది. "కుక్కైతే ఏంటంట? నాకిష్టం" అంది. తర్వాత నాతో, "ఇంత కష్టపడ్డావేంటే, నేను కొరుకుదును కదా" అంది. అప్పుడు ఏడ్చాను. నువ్వు కొరక్కుండా నేను కొరకాలనే కదే ఇదంతా అని చెప్పాలనిపించింది. ఆ రోజు నానిపోయిన గౌను ఉతుకుతూ అమ్మ ఏమైందని అడిగితే, పడ్డానని చెప్పాను.

చాలా ఏళ్ళ తర్వాత నరసాపురం బజారులో సత్తిని చూశాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. అది గంప దించుకుని చేపల మీద నీళ్ళు చల్లుతోంది. నన్ను చూసి పెద్దగా నవ్వింది. వలదారం కొరికీ కొరికీ దాని ముందుపంటి అంచున చిన్న గాడి పడింది. "ఇప్పుడైనా కొరుకుతున్నావేంటే?" అని అడిగింది. లేదన్నాను. "పోన్లే, మొగుడు మెతకోడైతే చాలు" అంది. ఆ తర్వాత మళ్ళీ కనపడలేదు.

అప్పటికే ఒకసారి నాన్న నన్ను కాకినాడలో పళ్ళ డాక్టరుకి చూపించాడు. ఆ రోజుల్లో పళ్ళ డాక్టరంటే పళ్ళు పీకే ఆయన. నోరు తెరిపించి చూసి, ముందుపళ్ళు పీకించుకుంటే కట్టుడుపళ్ళు పొడుగ్గా పెట్టి కలుపుతానన్నాడు. నాన్న లేచి నిలబడి, "ఉన్నవి పీకి లేనివి పెట్టుకోవడం ఎందుకండీ" అని నమస్కారం పెట్టి వచ్చేశాడు. నాకూ అదే మంచిదనిపించింది. చేతిసంచిలో చిన్న చాకు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. పెళ్ళిళ్ళలో గారెలు చేత్తో తుంచుకుని తిన్నాను. బళ్ళో 'స' పలికితే నాలుక సందులోంచి ముందుకొచ్చేది. ముప్పై అయిదేళ్ళు పిల్లలకి ఛందస్సు చెప్పాను, వెనక బెంచీల వాళ్ళు ముప్పై అయిదేళ్ళూ నన్ను వెక్కిరించారు.

నాకు పుట్టిన ఒక్కగానొక్క కూతురికి పళ్ళు చక్కగా కలిశాయి. వేలు చీకనివ్వకుండా కాపలా కాశాను కాబట్టి అలా కుదిరాయని మురిసిపోయాను. దాని కూతురు షారోన్. ఇది వేలు ముఖం చూడలేదు, పాలపీక కూడా ముట్టలేదు. అయినా పదేళ్ళు దాటేసరికి ముందుపళ్ళు ఒకదానికొకటి దూరంగా జరగడం మొదలెట్టాయి. డాక్టరమ్మ ఎక్స్‌రే లైటుకి పెట్టి చూపిస్తూ, "ఇది పళ్ళ సమస్య కాదండి, దవడ ఎముక పెరిగిన తీరు. మీ ఫ్యామిలీలో ఎవరికైనా ఉందా?" అంది. నేను నోరు తెరిచి చూపించాను. వేలు చీకడం వల్ల కాదా అమ్మా అని అడిగాను. "వేలు కాస్త ఎక్కువ చేసి ఉండొచ్చండి. కానీ మీ దవడే అంత" అంది. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. మామ్మ మీద కోపం రాలేదు. ఆ చేదు రసాలు పూయించుకున్న చిన్నపిల్ల మీద జాలేసింది. పాపం, అది ఏ తప్పూ చెయ్యలేదు.

ఆపరేషన్ అనగానే మా అమ్మాయి భయపడింది. "అందంగానే ఉంది కదమ్మా, నోరు కోయించడం ఎందుకు?" అంది. అందరూ అందం కోసమే అనుకున్నారు. అందం సంగతి నాకక్కర్లేదు. అది కొరకాలి. నేనే పట్టుబట్టాను, వద్దన్న తల్లీకూతుళ్ళిద్దరినీ నేనే ఒప్పించాను. ముందు ఏడాదిన్నర తీగలు. తీగలు పళ్ళని సరైన వరసలో నిలబెడుతుంటే సందు ఇంకా పెద్దదై కనపడింది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్న తీసుకెళ్ళి, పైదవడ ఎముక కోసి, వెనకవైపు కాస్త పైకి జరిపి, చిన్న చిన్న ప్లేట్లూ స్క్రూలూ వేసి బిగించారు. మధ్యాహ్నానికి తెచ్చేశారు. మా మామ్మ ఏళ్ళ తరబడి రోజూ ప్రార్థన చేసినా జరగనిది ఒక్కపూటలో జరిగిపోయింది. మంచం పక్కన కూర్చుని వాచిపోయిన దాని బుగ్గలు చూస్తూ, అయిపోయింది, ఇక కొరుకుతుంది అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

పై వరసనీ కింది వరసనీ రబ్బరు బాండ్లతో పట్టి ఉంచారు. కొన్ని వారాలు జావ, పల్చటి పప్పుకట్టు, వడకట్టిన చారు. తర్వాత మెత్తగా పిసికిన అన్నం. పైపెదవి మొద్దుబారిపోయి, దాని మీద మెతుకు అంటుకున్నా దానికి తెలిసేది కాదు. నేను తుడిచేదాన్ని. బాండ్లు తీశాక డాక్టరమ్మ నీలం కాగితం ఒకటి పళ్ళ మధ్య పెట్టి నొక్కమంది. పళ్ళు ఎక్కడ కలిస్తే అక్కడ నీలం చుక్క పడుతుంది. ముందుపళ్ళ అంచుల మీద చిన్న చుక్కలు పడ్డాయి. మా కుటుంబంలో ఆ నోటికి మొదటిసారి. అద్దం తీసుకుని నేనే చూపించాను.

కానీ నాలుగో నెలలో ఒక సాయంత్రం జంతిక కొరకబోయి, కొరకలేక, కంచం తోసేసి ఏడ్చింది. "పళ్ళు కలిశాయి అమ్మమ్మా, కానీ బలం లేదు. ఇంతకుముందు దవడతో అయినా నమిలేదాన్ని, ఇప్పుడు అదీ సరిగ్గా లేదు. నేను వద్దంటే నువ్వే చేయించావు. నీలాగే అయిపోతానేమో!" అంది. అని, అన్నందుకు మళ్ళీ ఏడ్చింది. నాకు ఆ రోజు అన్నం దిగలేదు. బాగున్న పిల్లని చెడగొట్టానా అని భయం పట్టుకుంది.

మర్నాడు డాక్టరమ్మని నిలదీశాను. ఆవిడ కోప్పడలేదు. "ముందే చెప్పాను కదండీ, కొన్నాళ్ళు బలం తగ్గుతుంది. ఎముకని మేం ఒక్కపూటలో జరిపాం. కండకి ఆ సంగతి ఇంకా తెలీదు. ఇన్నేళ్ళూ ముందుపళ్ళతో పనే లేదు కదా, నాలుకని ఆ సందులోకి తొయ్యడమే దానికి అలవాటు. ఇప్పుడవన్నీ కొత్తగా నేర్చుకోవాలి. ఏడాది పట్టొచ్చు, ఎక్కువ పట్టొచ్చు. పుట్టుకతో పళ్ళు కలిసినవాళ్ళంత బలం వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను" అంది. మాటివ్వలేనన్న మాటే నాకు ధైర్యం ఇచ్చింది. అబద్ధం చెప్పే మనిషి కాదన్నమాట.

అప్పట్నించీ నాకు మళ్ళీ బడి మొదలైంది. మొదట అరటిపండు, తర్వాత ఉడికించిన క్యారెట్టు, ఆ తర్వాత రొట్టె అంచు. చిన్న ముక్క ఇచ్చి, "ముందుపళ్ళతో, ముందుపళ్ళతో" అని వెంటపడేదాన్ని. అదేమో పక్కకి తిప్పి దవడ కిందికి తోసుకునేది, నేనెలా తోసుకుంటానో సరిగ్గా అలాగే. కొరకడం ఎప్పుడూ రానిదాన్ని, కొరకడం నేర్పడానికి కూర్చున్నాను. మా మామ్మ నాకు అన్నీ ముక్కలు చేసి పెట్టింది. ఆమె ప్రేమ అది, ఆ రోజుల్లో అంతకన్నా దారి లేదు. నేను మాత్రం మనవరాలికి చాకు అందకుండా దాచాను. ఎవరిది ఎక్కువ ప్రేమో నాకు తెలీదు. వేరుశనగలు ఉడికించి తొక్కతో పెట్టేదాన్ని. కొన్నాళ్ళు తొక్క పగిలిన చప్పుడు వినపడేది, కొన్నాళ్ళు వినపడేది కాదు. దానికి విసుగు, నాకు విసుగు. మధ్యలో ఒక నెల ఇద్దరం ఆ ఊసే ఎత్తలేదు.

మొన్న ఉప్పాడ వెళ్ళాం, మా అమ్మాయికి చీర తీసుకోవడానికి. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం కోసేసిన రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. షారోన్ ఎదురుగా ఉన్న బండి దగ్గర జామకాయ కొంది. బండివాడు కోసి కారం చల్లి ఇస్తానన్నాడు. "వద్దండి, అలాగే ఇచ్చెయ్యండి" అంది. చెవి దగ్గర ఫోను, ఎవరో స్నేహితురాలితో పరీక్షల గొడవ. మాట మధ్యలో కాయ నోటి దగ్గర పెట్టుకుంది. కరుక్కుమంది. నేను బస్సు వచ్చే వైపు చూస్తున్నదాన్ని తిరిగి చూశాను. కాయకి గుండ్రంగా, నున్నగా గాటు పడి ఉంది. అది కాయ వైపు చూడనే లేదు. నములుతూ, "హాల్ టికెట్ రాలేదేంటే ఇంకా" అని ఫోనులో అడుగుతోంది. మళ్ళీ కరుక్కుమంది.

తాను ఏం చేసిందో దానికి తెలీదు. చెబుదామని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. చెబితే ఆగిపోయి, ఆలోచించి, మళ్ళీ దవడ పక్కకి తోస్తుందేమోనని భయం. సంతోషం వేసింది. దాంతోపాటు అసూయ కూడా వేసింది. అబద్ధం ఎందుకు? ఈ వయసులో, సొంత మనవరాలి మీద, ఒళ్ళంతా మండేంత అసూయ. ఫోను పెట్టేసి, మొహం చిట్లించి, "ఛీ, వగరు" అని సగం కాయ పక్కనున్న చెత్తడబ్బాలో పడేసింది. మెతుకు పారేస్తే ఊరుకోని మనిషిని నేను. మా ఇంట్లో అందరికీ తెలుసు. అది కూడా గుర్తొచ్చిందేమో, తిట్లకి సిద్ధపడి నా మొహంలోకి చూసింది.

"బస్సుకి ఇంకా టైముంది," అన్నాను. "ఇంకోటి కొనుక్కోవే."